రుమాలు కింద చెయ్యి

సిరిసిల్ల నుంచి వచ్చిన బేలు కట్లు కోసి గోనెపట్టా విప్పగానే ముందుగా ముక్కుకు తగిలేది కొత్తబట్ట వాసన అనుకుంటారు చాలామంది. కాదు, నూనె వాసన. మరమగ్గాన్ని మావైపు సాంచ అంటారు. దాని ఇరుసులకు పోసే నూనె ఎప్పుడో ఒక చుక్క జారి బట్ట తాను అంచు మీద పడుతుంది. వేలిముద్రంత నల్లమరకై, బట్టతో పాటు బస్సెక్కి, జగిత్యాలలో నా మ్యాచింగు సెంటరు దాకా వస్తుంది. ఆ మరకను వెలుతురుకు పట్టి చూపించి, నిట్టూర్చి, తల అడ్డంగా ఊపి, ధర దించమనడం నాకు ముప్ఫై ఏళ్ల అలవాటు. "సరోజమ్మ అస్తున్నదంటే మంచి తానుకు గూడ ఒక మరక పెట్టి ఉంచుండ్రి, లేకుంటే ఆమెకు అన్నం సయించది" అని సిరిసిల్ల సేట్లు నా ఎదురుగానే నవ్వుకుంటారు. నేనూ నవ్వుతాను. నవ్వుతూనే ఇంకాస్త దించుతాను.

పోయిన వారం అలాంటి బేలు ముందు కూర్చున్నప్పుడే మా మనవరాలు చిన్ని బడి నుంచి వచ్చి సంచీ ఒక మూలకు, బూట్లు ఇంకో మూలకు విసిరింది. దానికి ఆరేళ్లు. మా బిడ్డ ఉద్యోగం నుంచి వచ్చేదాకా అది నా గల్లా పక్కనే ఉంటుంది. వాళ్ల తరగతిలో కొత్తగా ఒక పాప చేరిందట. చెవులు వినపడవు, మాట రాదు.

"టీచరు అందరిని ఆ పిల్లతోని దోస్తాన చెయ్యమన్నది, అమ్మమ్మా. ఎట్ల చెయ్యాల్నో చెప్పలే. నేను నీ పేరేందని అడిగిన. చూసుకుంట ఊకున్నది. మల్ల గట్టిగ అడిగిన. ఏడ్సింది."

"ఓసినీ, గిదేమన్న పెద్ద పనా! ఇటు రా, చెయ్యి ఇయ్యి" అంటూ తానుల మీద దుమ్ము దులిపే రుమాలు తీసి దాని చేతి మీద కప్పి, నా చెయ్యి కిందికి పోనిచ్చాను. దాని లేత వేళ్లు నా వేళ్లకు తగిలాయి. పక్కన విప్పిన బేలులోంచి నూనె వాసన గుప్పుమంది. అక్కడే ఆగిపోయాను. ఈ విద్య నాకు నేర్పింది ఒకరు, నాతో కలిసి సాధన చేసింది ఇంకొకరు. మొదటివారికి నేను మనవరాలిని. రెండో మనిషికి నేనేమవుతానో నలభై ఏళ్లకు పైగా ఎవరికీ చెప్పుకోలేదు.

మా తాత బట్టల దుకాణం కోరుట్ల బజారులో ఉండేది. పొద్దున్నే ఒక్కొక్కటిగా తీసి గోడకు ఆనించే చెక్కపలకల తలుపులు, లోపల తెల్లదుప్పటి పరిచిన గద్దె, దాని మీద కాళ్లు మడుచుకుని, కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని కూర్చునే తాత, గోడ నిండా అరల్లో పేర్చిన ధోతులు, లంగా బట్టలు, రవికె గుడ్డలు. ఎండకాలం పెళ్లిళ్ల బట్టలకు ఊళ్లనుంచి ఎడ్లబండ్ల మీద వచ్చినవాళ్లు కుండలోని చల్లటి నీళ్లు తాగి, మోదుగాకు మడిచి దాంట్లో ప్యాలాలు తింటూ బేరమాడేవాళ్లు. వానకాలం నాట్లు అయ్యేదాకా దుకాణంలో ఈగలు, మేము, తాత దగ్గు. బతుకమ్మ ముందు పదిరోజులు మాత్రం నిలబడడానికి చోటుండేది కాదు. గునుగుపూల బుట్టలతో వచ్చిన ఆడవాళ్లు ఆ పూలతోనే లోపలికి వస్తే, పండుగ అయిపోయాక కూడా వారం దాకా తానుల మడతల్లోంచి తెల్లటి గునుగు పొట్టు రాలుతూ ఉండేది.

దుకాణం ముందర అరుగు మీద కుట్టుమిషను పెట్టుకుని కూర్చునేవాడు మల్లేశం. లోపల బట్ట కొన్నవాళ్లు అరుగు మీదే కొలతలిచ్చి పోవడం అప్పటి పద్ధతి. దర్జీకి చోటు దొరికేది, దుకాణానికి గిరాకీ నిలిచేది. మల్లేశానికి ఇరవై రెండేళ్లు ఉంటాయేమో. సొంత ఊరు సిరిసిల్ల. వాళ్ల నాయనకు ఇంట్లోనే నాలుగు సాంచలు, వాటికి సరిపడా ఇద్దరు అన్నలు ఉండడంతో, ఇతన్ని కోరుట్లలోని మేనమామ దగ్గర కుట్టుపనికి పెట్టారు. ఇస్త్రీ చొక్కా, పై జేబులో దువ్వెన, మెడలో టేపు, చెవి మీద నీలిరంగు సుద్దముక్క. పుట్టుకతోనే వినపడదు, మాట రాదు. మిషను సరిగ్గా నడుస్తున్నదో లేదో పాదాలతో తెలుసుకునేవాడు. దారం తెగకముందే కాలు ఆపేవాడు.

బజారంతా అతన్ని "మూగోడు" అనేది. "మూగోని తాన కాజాలు కుట్టించుకరా పో" అనేవాళ్లు, అందులో తిట్టేమీ లేనట్టు. కొందరు దుకాణదారులైతే తొలిబోణీ కాకముందు అతని ముఖం చూడడానికి ఇష్టపడేవాళ్లు కాదు, అతను అరుగు ఎక్కుతుంటే అటు తిరిగి అగరువత్తి ముట్టించుకునేవాళ్లు. తాత దానికి విరుగుడు కనిపెట్టాడు. రోజూ పలకలు తీయగానే మల్లేశాన్ని పిలిచి, ఒక దారపు ఉండ అమ్మి, అదే తన మొదటి బోణీ చేసుకునేవాడు. "ఏమాయె? నా దుకాణం మునిగిందా?" అని ఎదురు దుకాణానికి వినపడేలా అనేవాడు. బేరగాడు గదా, మంచిపని కూడా ఎదుటివాణ్ణి కాస్త ఉడికించకుండా చేసేవాడు కాదు.

నేను మాత్రం మంచిదాన్నేమీ కాదు. ఎనిమిదేళ్లప్పుడు నాకూ మా గల్లీ పిల్లలకూ ఇష్టమైన ఆట ఏమిటంటే, మల్లేశం వెనుకకు చప్పుడు లేకుండా పోయి ఖాళీ నూనెడబ్బా మీద కర్రతో బాదడం. అతను తిరగడు. మేము పడీపడీ నవ్వడం. ఒకరోజు నేను డబ్బా బాదుతుంటే తాత గద్దె మీదినుంచి చూశాడు. కొడతాడనుకున్నాను. కొట్టలేదు. చెంబులో నీళ్లు పోసి నా చేతికిచ్చాడు.

"పో, మల్లేశానికి ఇయ్యి."

నేను వెనుకనుంచి పోయి భుజం మీద తట్టాను. అతను ఉలిక్కిపడ్డాడు. సూది వేలికి గుచ్చుకుంది, తెల్లచొక్కా గుడ్డ మీద ఎర్రటి చుక్క పడింది.

"చూసినవా? ఎన్కనుంచి ముడితే నువ్వు దొంగవు. ముంగటికి పోయి నిలవడితే సుట్టానివి. పో, మల్ల పో. ముంగటికెల్లి."

నేను ఎదురుగా పోయి నిలబడ్డాను. అతను తలెత్తి, వేలు నోట్లో పెట్టుకునే, నవ్వాడు. నీళ్లు తాగి చెంబు తిరిగి ఇచ్చాడు. అంతే. ఆ రోజు తాత నాకు నేర్పింది ఇంత మాత్రమే. దయ చూపమనలేదు, పాపం అనమనలేదు, దేవుడు చూస్తాడనలేదు. ఇంకోటి మాత్రం అన్నాడు: "పేరున్నోన్ని పేరువెట్టి పిలువాలె." పిలిస్తే వినపడదు గదా తాతా అంటే, "నీకు వినవడ్తది గద" అన్నాడు.

ఎండకాలం మధ్యాహ్నాలు గిరాకీ ఉండేది కాదు. ఒకరోజు తాత భుజం మీది రుమాలు తీసి నా చేతినీ మల్లేశం చేతినీ కలిపి కప్పాడు. పశువుల అంగడిలో బేరగాళ్లు అలాగే బేరమాడతారు. పక్కవాడికి తెలియకుండా, గుడ్డ కింద ఒకరి వేళ్లు ఒకరు పట్టుకుని. ఎన్ని వేళ్లు పడితే అంత, అరచెయ్యి మొత్తం పడితే అయిదు, గోరుతో గీరితే సగం, గుప్పిట బిగించి వదిలితే ఖాయం. తాత వయసులో ఉన్నప్పుడు ఎడ్ల బేరాలు చేసి నేర్చుకున్న విద్య అది. నోటితో పని లేదు. చెవితో అసలే లేదు.

"బేరమంటె ఎదుటోని చెయ్యి పట్టుడే, బిడ్డా. చెయ్యి పట్టినంక కొత్తోడు ఎవడుంటడు?"

నాకు బొమ్మల పెండ్లికి గుడ్డపేలికలు కావాలి. అతని గంపలో కత్తిరింపులు గంపెడు. అతనికేమో మా నానమ్మ చేసే సకినాలంటే ప్రాణం. ఇంకేం, బజారు మొదలైంది. మూడు పూలరవికె ముక్కలకు రెండు సకినాలు. చమ్కీ ముక్కకు సర్వపిండి సగం. వానకాలం మక్కకంకులు, దసరాకు మలీద ముద్దలు, ఆ తరువాత శీతాఫలాలు, చలికాలం రేగుపండ్లు. నేను ప్రతిసారీ బేరం ఖాయమయ్యాక కూడా బొటనవేలూ చూపుడువేలూ దగ్గరకు తెచ్చి "ఇంకింత" అని కొసరు అడిగేదాన్ని. కొంతకాలానికి అదే నా పేరైపోయింది. మల్లేశం తాత గురించి చెప్పాలంటే కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టినట్టు చూపేవాడు. తన గురించి అయితే బొటనవేలితో మిషను చక్రం తిప్పినట్టు. నా గురించి అయితే ఈ చిటికెడు. నా అసలు పేరు సరోజ అని బడి హాజరుపట్టీకి తెలుసు. నా గుణమేమిటో తెలిసి పేరు పెట్టినవాడు మాత్రం అతనొక్కడే.

మరుసటి ఏడాది వానకాలం తాత నన్ను సిరిసిల్లకు తీసుకుపోయాడు, బట్ట కొనడానికి. మల్లేశం కూడా ఇంటికి పోయి ఉన్నాడు. వాళ్ల సాంచల కొట్టంలో అడుగు పెట్టగానే టకటకటకమని నాలుగు సాంచలూ ఒకేసారి నా ఛాతీలో ఆడినట్టయింది. పైన దూది పొట్టు పట్టిన బల్బు, కింద నూనెకు నల్లబడిన నేల, గోడ పక్కన నూలు కండెలు చుడుతున్న వాళ్లమ్మా వదినలూ. "మల్లేశమన్నా!" అని అరిచాను. నా గొంతు నాకే వినపడలేదు. ఎవరూ తిరగలేదు. అప్పుడు చూశాను, అక్కడ అందరూ చేతులతోనే మాట్లాడుకుంటున్నారు. చెవులున్నవాళ్లూ, నోరున్నవాళ్లూ అందరూ. పోగు తెగిందంటే రెండు వేళ్లు విడదీయడం, చాయ అంటే బొటనవేలు పెదవికి ఆనించడం, సేటు వస్తున్నాడంటే మీసం మెలేయడం, తెలియదంటే అయిదు వేళ్లు విప్పి చెయ్యి తిప్పేయడం. ఈ అన్న ఒక జోకు వేస్తే ఆ మూల వదిన మూతికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతుంది, మధ్యలో నాకేమీ అర్థం కాదు. మల్లేశం పక్కన నిలబడి వాళ్ల మాటలన్నీ నాకు విడమరిచి, నెమ్మదిగా, మళ్లీ చూపించాడు. మందమతికి చెప్పినట్టు. ఆ కొట్టంలో అతను దొరలా ఉన్నాడు.

తిరుగు బస్సులో తాత అడిగాడు. "ఇప్పుడు చెప్పు, ఆడ మూగోల్లు ఎవలు?"

"నేనే" అన్నాను ఏడుపు మొహంతో.

తాత వేములవాడ వచ్చేదాకా నవ్వాడు.

ఇంతవరకు చెప్పి ఆపేస్తే నేను మంచి అమ్మమ్మను. కానీ అవి అన్నల, అంటే నక్సలైట్ల, కాలం. రాత్రికి రాత్రి గోడల మీద ఎర్రరంగు అక్షరాలు మొలిచేవి, పొద్దున పోలీసులు వచ్చి ఎవరు రాశారని అడిగేవాళ్లు. అన్నలు బందు అంటే పలకలు వేయాలి, పలకలు వేస్తే ఎందుకు వేశావని పోలీసులు అడుగుతారు. ఎవరికి జవాబు చెప్పినా రెండోవాళ్లకు శత్రువులమే. దుకాణదారులు దీనికి ఒకటే మందు కనిపెట్టారు. ఏమీ చూడలేదు, ఏమీ వినలేదు. మాకు, పిల్లలకు, దాన్ని ఎక్కాలు వల్లె వేయించినట్టు వల్లె వేయించారు. పొద్దు గూకే వేళ దీపం పెట్టాక తాత మమ్మల్ని వరుసగా కూర్చోబెట్టి అడిగేవాడు.

"గోడ మీద ఎవలు రాసిండ్రు?"

"తెల్వది సార్."

"నిన్న దుకాణానికి ఎవలచ్చిండ్రు?"

"తెల్వది సార్."

"మీ తాత పేరేంది?"

"తెల్వది సార్!"

ఆ చివరి దానికి అందరం నవ్వేవాళ్లం. నేను ఒకడుగు ముందుకు వేసి, సిరిసిల్లలో చూసినట్టు అయిదు వేళ్లూ విప్పి చెయ్యి కూడా తిప్పేదాన్ని. తాత మెచ్చుకునేవాడు. చెయ్యి పట్టుకోవడం నేర్పిన మనిషే చెయ్యి తిప్పేయడం కూడా నేర్పాడు. రెండూ ఒకే గద్దె మీద. ఆ రెండూ ఏదో ఒకరోజు ఎదురెదురు పడతాయని ఆయనకూ తట్టలేదు.

తాత అప్పటికే దుకాణంలో ముదురాకుపచ్చ బట్ట పెట్టడం మానేశాడు. అడవిలో ఉన్నవాళ్లు ఆ రంగు తొడుగుతారు, ఎవరికి అమ్మావనే ప్రశ్న వస్తుంది, అసలు లేకపోతే గొడవే లేదు. లేదన్నారు కనుక నాకు అదే కావలసి వచ్చింది. దసరా తరువాత బొమ్మల పెండ్లి, నా పెండ్లికొడుకు బొమ్మకు ఆకుపచ్చ చొక్కా లేనిదే పెండ్లి జరగదని పట్టుబట్టాను. ఎవరో ఒకాయన ట్రంకుపెట్టెకు గలేబు కుట్టించుకోగా మిగిలిన జానెడు ముక్క మల్లేశం గంపలో కనపడింది. రుమాలు కింద చెయ్యి పెట్టాను. అతను ముందు ఒప్పుకోలేదు, ఆ రంగు వద్దన్నట్టు తల ఊపాడు. నేను ఎనిమిది సకినాలకు పోయాను, దాని మీద ఒక శీతాఫలం. నా జన్మలో అంత ఎక్కువ ధర ఎప్పుడూ ఒప్పుకోలేదు. అతను నవ్వి, కుట్టేది కూడా తనేనన్నట్టు మిషను చూపి, గుప్పిట బిగించి వదిలాడు. ఖాయం.

దీపావళికి ముందు ఒక బందు జరిగింది. మరునాడు దుకాణాలు తెరిచారు. నాన్న సిరిసిల్ల పోయాడు. తాత మధ్యాహ్నం అన్నానికి ఇంటికి పోతూ నన్ను గద్దె మీద కూర్చోబెట్టి పోయాడు. నేను కాళ్లు మడుచుకుని, లేని కళ్లద్దాలు నుదుటికి నెట్టుకుని, తాతలా కూర్చున్నాను. నా పక్కనే చాప మీద పెండ్లికొడుకు బొమ్మ, ఒంటి మీద చొక్కా లేకుండా, కొలతలకు సిద్ధంగా ఉంది.

జీపు వచ్చింది. దిగిన పోలీసులు మా ఊరివాళ్లు కాదు, ఎక్కడినుంచో వచ్చినవాళ్లు, ముఖాలు కొత్తవి. ఎదురుగా గాజుల దుకాణం లక్ష్మీరాజం కాకను అడిగారు, గోడ మీద కాయితం ఎవరు అంటించారని. తెల్వది సార్. పక్క కిరాణాను అడిగారు. తెల్వది సార్. ఆ పక్క ఇత్తడి సామాన్లు. తెల్వది సార్. మా అరుగు దగ్గరికి వచ్చేసరికి వాళ్ల పెద్దాయన ముఖం ఎర్రగా కందిపోయి ఉంది.

"ఏందిరా, ఈ బజార్ల అందరికీ చెవుడేనా?"

మల్లేశం వంగి కుడుతున్నాడు. వాళ్లు వెనుకనుంచి పిలిచారు. ఒకసారి, రెండుసార్లు. మూడోసారి ఒకతను వెనుకనుంచే భుజం పట్టి గుంజాడు. మల్లేశం ఎగిరిపడ్డాడు, గంప తిరగబడింది, అరుగంతా రంగురంగుల ముక్కలు. వాటిలోంచి ఆ పెద్దాయన వంగి ఒక్క ముక్కనే తీశాడు. జానెడు ఆకుపచ్చ ముక్క. దాని మీద నీలిసుద్దతో చిన్న చొక్కా గీత గీసి ఉంది.

"గిది ఎవనికి కుడుతున్నవ్?"

మల్లేశం పెదవులు చూసి సంగతి పట్టుకున్నాడు. నవ్వాడు. అంత పెద్ద విషయం ఇంత చిన్నదా అన్నట్టు నవ్వాడు. నా వైపు వేలు చూపాడు. బొటనవేలూ చూపుడువేలూ కలిపి నా పేరు చెప్పాడు. తరువాత రెండు చేతులు కలిపి బొమ్మను ఊపినట్టు ఊపాడు.

ఆయన నా వైపు తిరిగాడు. "ఏ పిల్లా, గీ గుడ్డ నీదా? వీడు నిజంగ మూగోడా, నాటకమా?"

రెండు ప్రశ్నలకూ నా దగ్గర జవాబుంది. జవాబు కూడా కాదు, చాప మీది బొమ్మను ఎత్తి చూపిస్తే చాలు. కొలత సరిపోయేది.

"తెల్వది సార్" అన్నాను. చెయ్యి దానంతటదే లేచి, అయిదు వేళ్లూ విప్పుకుని, తిరిగింది.

నోటి అలవాటు అనుకోవచ్చు. చేతికి అలవాటు అనుకోవచ్చు. తొమ్మిదేళ్ల పిల్ల, భయం, అది కూడా అనుకోవచ్చు. ఇన్నేళ్లూ నాతో నేను బేరమాడి అంతవరకు దించుకున్నాను. కానీ అదే క్షణంలో నా కాలు ముందుకు జరిగి బొమ్మను చాప కిందికి తోసింది. కాలికి ఎవరూ ఏమీ నేర్పలేదు. అది నా సొంతం.

మల్లేశానికి నా మాట వినపడలేదు. చెయ్యి కనపడింది. వాళ్ల ఇంటి చెయ్యి, వాళ్ల సాంచల కొట్టంలో నేర్చుకున్న మాట. నవ్వు అతని ముఖం మీద కాసేపు అలాగే ఉంది, దాన్ని తీయడం మరిచిపోయినట్టు. తరువాత మెడలోని టేపు తీసి మేకుకు తగిలించాడు, మిషను మీద గుడ్డ కప్పాడు, వాళ్లతో జీపెక్కాడు.

తాత వచ్చేసరికి ఎంగిలి చెయ్యి ఇంకా తడిగా ఉంది, ఎవరో చెబితే సగం అన్నంలో లేచి వచ్చాడు. లక్ష్మీరాజం కాక ఎదురొచ్చి నా తల నిమిరాడు. "సేటూ, నీ మనుమరాలు గట్టిది. ముంగట నిలవడి అడిగినా ఒక్క ముక్క కక్కలే. తెల్వదన్నది, అంతే." నా చేతిలో ఒక గాజుల జత కూడా పెట్టాడు, ఎర్రవి. తాత నా వైపు చూశాడు. చాప అంచున బొమ్మ కాళ్లు బయటికి కనపడుతున్నాయి. ఆయన అరుగు మీదికి పోయాడు. మల్లేశం కూర్చునే ముక్కాలిపీట మీద కూర్చున్నాడు.

"నేనే నేర్పిన" అన్నాడు. లక్ష్మీరాజం కాకతోనా, నాతోనా తెలియదు. రుమాలు భుజాన వేసుకుని ఠాణా వైపు నడిచాడు.

మల్లేశం నిజంగా మూగవాడని వాళ్లు నమ్మడానికి మూడు రోజులు పట్టింది. ఎలా నమ్మారో నేను ఎన్నడూ అడగలేదు. తాత వెంటబెట్టుకుని తెచ్చినప్పుడు అతని కింది పెదవి చీలి ఉంది, కుడిచేతి బొటనవేలి గోరు నల్లబడింది, ఇస్త్రీ చొక్కాకు గుండీలు లేవు. వారం పోయాక మళ్లీ అరుగు మీద కూర్చున్నాడు. పొద్దు గూకితే మమ్మల్ని కూర్చోబెట్టి అడిగే ప్రశ్నలు తాత మానేశాడు. అన్నలూ పోలీసులూ ఎక్కడికీ పోలేదు, ప్రశ్నలు మాత్రం ఆగాయి.

ఒకరోజు మధ్యాహ్నం తాత తన రుమాలు నా చేతికిచ్చాడు. "పో. ముంగటికెల్లి పో" అన్నాడు. నేను ఎర్రగాజుల జత, ఇంట్లో మిగిలిన సకినాలన్నీ, నా దగ్గరున్న చమ్కీ ముక్కలన్నీ పళ్లెంలో పెట్టుకుని పోయాను. బేరగాళ్ల ఇంటి పిల్లను, క్షమాపణ ఎలా అడుగుతారో తెలియదు, ఎంతకు వస్తుందో చూద్దామని పోయాను. ఎదురుగా నిలబడి, పళ్లెం పెట్టి, అతని చేతి మీద రుమాలు కప్పి, కింద చెయ్యి పెట్టాను. అయిదు వేళ్లూ పట్టాను. అన్నీ నీకే అన్నట్టు.

మల్లేశం నెమ్మదిగా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. దాన్ని రుమాలు కిందినుంచి బయటికి తెచ్చాడు, అందరికీ కనపడేలా. అయిదు వేళ్లూ విప్పి, తిప్పాడు. తెల్వది.

కోపం లేదు ముఖంలో. ఎవరో దారిన పోయేవాళ్లు ఇంకెవరి ఇల్లో అడిగితే చెప్పినట్టు చెప్పాడు. మళ్లీ వంగి, నల్లగోరు బొటనవేలు గుడ్డ మీద ఆనించి, తొక్కడం మొదలుపెట్టాడు. పళ్లెం సాయంత్రం దాకా అక్కడే ఉంది. సకినాలకు చీమలు పట్టాయి.

ఆ తరువాత నీళ్లిస్తే తాగేవాడు, నాన్న చెబితే నా లంగాలు కుట్టేవాడు, కొలతలు తీసుకునేటప్పుడు టేపు నా భుజానికి ఎంత తగలాలో అంతే తగిలేది. నా పేరు మళ్లీ ఎప్పుడూ చూపలేదు. మాఘం చివర శివరాత్రికి వేములవాడ జాతరకని చెప్పి పోయి, అటునుంచి అటే సిరిసిల్ల వెళ్లిపోయాడు. అతని మిషను తీసుకుపోవడానికి వాళ్ల అన్న వచ్చినప్పుడు మేకుకు ఒక చిన్న చొక్కా వేలాడుతూ ఉంది. బొమ్మ చొక్కా. ఆకుపచ్చ కాదు, తెల్ల మల్లుగుడ్డది, రెండు కాజాలు కూడా తీసి ఉన్నాయి. అది చూసి మా అమ్మ "మరిచిపోయిండేమో నీ మీద కోపం" అంది. నేను దుకాణదారు పిల్లను, నాకు తెలుసు. ఒప్పుకున్న పని ఇవ్వకుండా ఏ దర్జీ ఊరు విడవడు. ఇచ్చేశాక ఇంక రానక్కరలేదు.

తాత పోయాడు. గద్దె పోయింది, చెక్కపలకల బదులు గరగరమనే షట్టరు వచ్చింది, అరుగును రోడ్డు మింగింది. అరుగు మీద దర్జీలు ఇప్పుడు ఎక్కడా లేరు. రెడీమేడు వచ్చాక బొమ్మకు కూడా చొక్కా కుట్టించేవాళ్లు లేరు. సిరిసిల్లలో చాలా ఇళ్లలో సాంచలు పాత ఇనుముకు పోయాయి, కొట్టాల్లో బండ్లు నిలుపుకుంటున్నారు, ఆ చేతులతో మాట్లాడుకున్నవాళ్లు ఇప్పుడు ఒకరి మాట ఒకరు చక్కగా వింటున్నారు. పశువుల అంగడిలో కూడా ఫోను తీసి అంకెలు నొక్కి చూపుకుంటున్నారట, రుమాలు కేవలం చెమటకు. నెలకోసారి నేను సిరిసిల్ల పోతాను. నాకు బట్ట ఇచ్చే సేటు ఒకసారి మాటల్లో అన్నాడు, "మా ఎన్క గల్లీల ఒక మూగ దర్జీ ఉన్నడమ్మా, ముసలోడు, చూపు ఆనది, అయినా ఆయన కాజా అంటె కాజా." ఏ గల్లీ అని అడగలేదు. ధర ఇంకాస్త దించమన్నాను.

ఇవన్నీ చిన్నికి చెప్పలేదు. రుమాలు కింద వేళ్లు ఎలా పట్టాలో, ఖాయం ఎలా చెప్పాలో మాత్రం నేర్పాను. ముందుకు పోయి నిలబడమన్నాను, వెనుకనుంచి ముట్టొద్దన్నాను. మరునాడు అది బడి నుంచి ఎగురుకుంటూ వచ్చింది.

"అమ్మమ్మా, నా లంచుబాక్సుల మురుకులు మూడు అడిగింది! రబ్బరు ఇచ్చింది! నాకు పేరు గూడ పెట్టింది, చూడు, గిట్ల." ముందుపళ్లు ఊడిన సందులో వేలు పెట్టి చూపింది. "నీకు గిదంత ఎవలు నేర్పిండ్రు?"

నా చెయ్యి గల్లా మీదినుంచి లేచింది. వేళ్లు విప్పుకుంటున్నాయి. ఇంకో చేత్తో దాన్ని పట్టుకుని ఒడిలో పెట్టుకున్నాను.

"మల్లేశమని, ఒకాయన" అన్నాను. బొటనవేలితో మిషను చక్రం తిప్పి చూపాను. "గిట్ల అంటె ఆయన."

"మరి నువ్వు? నీ పేరెట్ల?"

"నా పేరు నా తాన లేదు బిడ్డా. ఆయన తాన్నే ఉన్నది, సిరిసిల్లల."

చిన్ని నన్ను వింతగా చూసింది. వస్తువేదో మరిచిపోయి వచ్చినవాళ్లను చూసినట్టు.

"మరి పోయి తెచ్చుకోరాదు?"

నిన్న ఇంకో బేలు వచ్చింది. అంచున మరక ఉంది. వెలుతురుకు పట్టి చూశాను, ఎవరికీ చూపించలేదు. సిరిసిల్లకు బస్సు ఎప్పుడుందో నాకు తెలుసు. ఏ గల్లీయో, సేటును అడిగితే చెబుతాడు. ఈసారి తెల్వదనడానికి లేదు.